పద్నాలుగో నంబరు ఇల్లు

"పద్నాలుగో నంబరు ఒక్కటే మిగిలింది," అన్నాడు ఎల్దోర్, కారు సందు మొదట్లో ఆపి. "ఈ సంతకం పట్టుకొచ్చావా, నీ ఉద్యోగం పర్మనెంట్. లేదంటే నా చేతుల్లో ఏమీ ఉండదు, షహ్లో."

"సరే అన్నా," అంది షహ్లో.

భయం వేయాలేమో అనుకుంది. ఏమీ వేయలేదు. ఈ మధ్య ఆమెకు ఏ విషయానికీ ఏమీ అనిపించడం లేదు.

సమర్కండ్ పాతబస్తీలోని ఆ సందును పడగొట్టి కంపెనీ అపార్ట్‌మెంట్లు కట్టబోతోంది. సందులో అందరూ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. ఒప్పించే పని మార్కెటింగ్ వాళ్లది. ఆఫీసులో దానికి 'ప్రజలతో అనుబంధం' అని అందమైన పేరు పెట్టారు. చదువు పూర్తికాగానే షహ్లోకి దొరికిన మొదటి ఉద్యోగం అదే. ఇంటర్వ్యూలో ఎల్దోర్ ఆమె పట్టా వైపు కూడా చూడలేదు. ఎక్కడి అమ్మాయివని అడిగాడు. చెప్పగానే, "రేపే వచ్చెయ్," అన్నాడు.

అతను మాస్కోలో పెరిగి వచ్చినవాడు. ఆమె చేరకముందు తనే ఒకసారి ఆ సందంతా తిరిగాడు. వాళ్ల మర్యాద గురించి ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవాడు.

"ప్రతి ఇంట్లో పియాలా అంచుదాకా నింపి ఇచ్చారు టీ. సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు."

షహ్లో నవ్వు ఆపుకోలేకపోయింది. "అది మర్యాద కాదన్నా. కావలసినవాళ్లకి అడుగున కాస్తే పోస్తారు. తాగిన కొద్దీ మళ్లీ మళ్లీ పోస్తూ కూర్చోబెట్టుకుంటారు. నిండా పోశారంటే, తాగేసి లేచి వెళ్లమని."

ఎల్దోర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇందుకేగా నిన్ను తీసుకుంది," అన్నాడు.

ఆమెకింకా నవ్వు వచ్చే రోజులవి.

అతను నేర్పిన మొదటి పాఠం, జనాన్ని పేర్లతో తలుచుకోవద్దని. పేరు గుర్తొస్తే మొహమాటం వెనకే వస్తుంది, ఇంటి నంబరుతో తలుచుకో అన్నాడు. షహ్లో ఆ పాఠం బాగానే వంటబట్టించుకుంది.

వసంతంలో సందంతా కలిసి పండగకి సుమలక్ పాయసం వండేటప్పుడు గోధుమలు కంపెనీ పేరున ఇప్పించింది. పెద్ద బాన చుట్టూ ఆడవాళ్లందరికీ కంపెనీ పేరున్న ఏప్రన్లు కట్టించి ఫొటోలు తీసింది. పద్నాలుగో నంబరు ఆవిడ ఏప్రన్ కట్టుకోలేదు. గరిటె మాత్రం అందరికన్నా ఎక్కువసేపు తిప్పింది. తర్వాత ఇంటికో పియాలాల పెట్టె పంచారు. బంగారు అక్షరాలతో కంపెనీ పేరు. ఆ ఆలోచన కూడా షహ్లోదే.

సంతకాల కోసం వెళితే ఏ ఇంట్లోనూ ఆమెకు పియాలా నిండలేదు. అడుగున రెండు గుక్కలు పోసి, తాగగానే మళ్లీ పోసేవారు. అందరూ అడిగింది ఒకటే, పద్నాలుగో నంబరు ఒప్పుకుందా అని. ఒప్పుకున్నట్టే అని చెప్పేది షహ్లో. చెప్పేటప్పుడు గొంతు తడబడేది కూడా కాదు.

"నీ మొహం చూసి పెడుతున్నానమ్మాయ్," అంది ఏడో నంబరు ఆవిడ, తందూరు దగ్గర పిండిచేతులు దులుపుకుంటూ. "రేపు ఏదైనా తేడా వస్తే ఈ సందులో తలెత్తుకోలేవు."

ఇప్పుడు షహ్లో మిగతా ఇళ్ల ముందు నిలబడ్డట్టే నిలబడి, పద్నాలుగో నంబరు తలుపు తట్టింది.

"కూర్చో," అంది ఆవిడ. అంతకుమించి పలకరించలేదు.

ద్రాక్ష పందిరి కింద అరుగు మీద కూర్చుని షహ్లో కాగితాలు పరిచింది. లిఫ్టు, వేడినీళ్లు, చలికాలం వెచ్చగా ఉండే గదులు, అన్నీ వరసగా చెప్పింది. "ఇక బొగ్గులు మొయ్యక్కర్లేదు. మోకాళ్లకి సుఖం."

"ఈ మాటలు నీవా, మీ కంపెనీవా?"

"రెండూ ఒకటే."

"ఈ తీగ ఎవరు నాటారో మీ కంపెనీకి తెలుసా?"

"తెలుసు. దానికీ విలువ కట్టారు."

ఆవిడ తీగ మీంచి చూపు కాగితాల మీదికి తిప్పింది. "నేను ఒప్పుకున్నానని చెప్పి అందరిచేతా పెట్టించావట."

షహ్లో పెన్ను మూత తీసి కాగితాల మీద పెట్టింది.

"ఇప్పుడు నేను పెట్టనంటే?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

"అంత కావాలా నీకు ఆ ఉద్యోగం?"

"కావాలి."

ఆవిడ పెన్ను అందుకుంది. ఒక్క ముక్క చదవకుండా, చూపించిన చోటల్లా సంతకం పెట్టి కాగితాలు ఇటు తోసింది.

షహ్లో ఎల్దోర్‌కి ఫోనులో 'అయింది' అని పంపింది. 'శభాష్, రేపే ఆర్డరు' అని వెంటనే జవాబు వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సంతోషం ఎక్కడైనా ఉందేమోనని లోపల వెతుక్కుంది. కనబడలేదు. కాగితాలు సర్దుకుని బ్యాగులో పెట్టుకుంది.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక పెట్టె తెచ్చింది. కంపెనీ పంచిన పెట్టే. రిబ్బను కూడా విప్పలేదు. ఇప్పుడు విప్పి, ఒక పియాలా తీసి, తలగుడ్డ కొంగుతో తుడిచింది. టీ వంచింది. అడుగు నిండింది, ఆగలేదు. సగమైంది, ఆగలేదు. బంగారు అక్షరాలు దాటి అంచుదాకా వచ్చి, ఒక చుక్క అరుగు మీద పరిచిన గుడ్డ మీదికి ఒలికింది.

షహ్లో రెండు చేతులతో అందుకుంది. పుట్టి పెరిగిన ఆ ఇంట్లో, అమ్మ తనకు పియాలా నిండా టీ పోయడం అదే మొదటిసారి.