ఒక్కసారి విప్పి చూడు

వ్యాను కింద పడుకున్న మేస్త్రీ ముఖం మీద గుప్పెడు తుప్పు రాలింది.

"దీన్ని బండి అనకూడదక్కా. తుప్పుకి చక్రాలు తగిలించారు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ తుప్పే నాకింత కూడు పెడుతోంది. మూడింటికి బడి దగ్గర ఉండాలిరా తమ్ముడూ," అంది అతని సొంత అక్క.

పద్దెనిమిదిమంది పిల్లల్ని బడికి చేర్చే వ్యాను అది. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాకు నూనె కక్కేసి మూడు రోజులైంది. ఈ రోజు కూడా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని బడివాళ్ళు తెగేసి చెప్పారు. ఆ వ్యాను తప్ప అక్కకు వేరే ఆధారం లేదు.

రెండున్నరకు వస్తానని చెప్పి ఆమె ఇంటికి వెళ్ళింది.

పాత ర్యాకు ఊడదీయడానికే ఒక పూట పట్టింది. ఒక బోల్టు మంట పెడితే గాని కదల్లేదు. ఇంకొకటి విరిగి సగం లోపలే ఉండిపోతే డ్రిల్లుతో తొలిచి తీశాడు. కొత్త ర్యాకు ఎక్కించేసరికి రెండు దాటింది.

ఇక స్టీరింగ్ రాడ్డు కింది కొసను ర్యాకు నుంచి పొడుచుకొచ్చిన ముక్కు మీద తొడిగి, ఆ ముక్కుకున్న గాడిలోంచి బోల్టు బిగించాలి. తుప్పు పట్టిన రాడ్డు దిగనని మొండికేసింది. సుత్తితో నాలుగు వేశాడు. దిగిందనుకున్నాడు. వంగి చూసే తీరిక లేదు. బోల్టు దూర్చి బలంకొద్దీ బిగించేశాడు.

"బోల్టు గాడిలోంచి పోయిందా బాబూ?"

షెడ్డు గుమ్మంలో ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. పొద్దున్నుంచీ ఎదురుగా మెట్ల మీద కూర్చుని ఉన్నది ఈయనే.

"పోకుండా ఎక్కడికి పోతుంది?"

"రాడ్డు పూర్తిగా దిగకపోతే బోల్టు గాడికి పైనే బిగుసుకుంటుంది. చేతికి గట్టిగానే తెలుస్తుంది. తిప్పగా తిప్పగా రాడ్డు ఊడిపోతుంది. ఒక్కసారి విప్పి చూడు."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. తాతకు దగ్గులు నేర్పడం విన్నాడు గాని, తాతే వచ్చి తనకు దగ్గులు నేర్పడం ఇదే మొదలు.

"మీరు మెకానిక్కా పెద్దాయనా?"

"కాదు. లెక్కల మాస్టారిని."

"అయితే లెక్కలు మీరు చూసుకోండి, బోల్టులు నేను చూసుకుంటాను. ఇరవై ఏళ్ళ అనుభవం నాది. నేను చేసి పంపిన బండి ఒక్కటి కూడా వెనక్కి రాలేదు."

ఆయన చాలాసేపు మేస్త్రీ ముఖంలోకి చూశాడు.

"రాదు," అన్నాడు.

అది వెటకారమే అనిపించింది మేస్త్రీకి.

"దయచేయండి. నాకు పనుంది."

"పిల్లలెక్కే బండి నాయనా."

మేస్త్రీ ఆయన ముఖం మీదే షట్టరు సగానికి లాగేశాడు. వ్యాను జాకీ మీద ఉండగానే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. చక్రాలు గాల్లో ఉన్నాయి, వేలితో తిప్పినా తిరుగుతోంది. మనసులో ఏదో అనుమానం గుచ్చుకుంది గాని, గడియారం వంక చూసి దాన్ని అక్కడే తొక్కేశాడు.

అక్క చెప్పిన వేళకే వచ్చింది. వ్యాను బయటికి తీసింది. మేస్త్రీ చేతులు కడుక్కుని వీధిలోకి చూస్తే, మలుపు దగ్గర చేతికర్ర అడ్డం పెట్టి వ్యానుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు పెద్దాయన. అక్క బండి ఆపింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి ఏదో చెబుతున్నాడు.

'వదిలేలా లేడు ఈ ముసలాయన,' అని విసుక్కున్నాడు మేస్త్రీ.

ఎంతకీ వ్యాను కదలదు. ముందు చక్రాలు మాత్రం ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

పరుగెత్తాడు.

అక్క చేతుల్లో స్టీరింగ్ గిర్రున తిరుగుతోంది. చక్రాలు ఉలకవు, పలకవు.

"ఇంజను కట్టేసి పదిసార్లు బలంగా తిప్పి చూసి, అప్పుడు వెళ్ళమ్మా అన్నాడురా. పెద్దాయన మాట ఎందుకు కాదనాలని తిప్పాను. ఎనిమిదోసారికి ఇలా అయింది," అంది.

మేస్త్రీ వ్యాను కిందికి దూరాడు. రాడ్డు ముక్కు మీంచి ఊడి వేలాడుతోంది. గాడిలో బోల్టు ఆనిన గుర్తు కూడా లేదు.

బయటికి వచ్చి రోడ్డు మీదే కూలబడ్డాడు. పద్దెనిమిదిమంది పిల్లలు, తోడబుట్టిన అక్క. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"వ్యాను రాదని బడికి ఫోను చేసేశాను. ఆ పని పోతే పోయింది, లే," అంది అక్క.

"ఆయనేడీ? కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు బండి కింద ఉండగా బస్సెక్కేశాడు. ఆగమని పిలిచినా ఆగలేదు."

"మెకానిక్కు కాదన్నాడు. ఆయనకిదంతా ఎలా తెలుసక్కా?"

అక్క తమ్ముడి పక్కనే రోడ్డు మీద కూర్చుంది.

"నిన్ను నలుగురిలో నిలదీద్దామని వచ్చాడట. నువ్వు చేస్తున్నది పిల్లల బండని చూసి, ముందు ఇది బాగుపడనీ అని ఊరుకున్నాడట."

"నన్నా? నేనేం చేశాను?"

"పోయినేడు నువ్వు ర్యాకు మార్చిన కారొకటి దారిలో స్టీరింగ్ ఊడి లారీకి గుద్దుకుందటరా. బోల్టు గాడిలోంచి పోలేదని తర్వాత విప్పి చూసినవాళ్ళు చెప్పారట," అంది అక్క మెల్లగా, "నడుపుతున్నది ఆయన, పక్కన కూర్చున్న ఆయన భార్య మరి ఇంటికి రాలేదట."