మరిచిపోయి వచ్చిన కాగితం

"ఇది ఎక్కడ దొంగిలించారు, ఉస్తాజా?"

మేడమ్ అన్నంత మర్యాదగా ఉస్తాజా అని పిలుస్తూనే, భద్రతాధికారి హాతిమ్ బే రెండు కాగితాలు ఇంతిసార్ ముందుకు తోశాడు. ఒకటి నిన్నటి గెజిట్‌లో వచ్చిన మంత్రిగారి ఉత్తర్వు. ఎరువుల ఫ్యాక్టరీ మురుగు ఇకమీదట సరస్సులో కలవకూడదని. రెండోది పొద్దున్నే కైరోలోని ఆమె సంఘం ఆఫీసు మీద అతని మనుషులు పడి, కంప్యూటర్‌లోంచి తీసినది. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

"తేదీ చూడండి. మంత్రిగారు సంతకం పెట్టడానికి మూడు నెలల ముందే మీ దగ్గరుంది. ప్రభుత్వ రహస్యం!"

నవ్వాలో ఏడవాలో ఇంతిసార్‌కి తెలియలేదు. రాసింది తనే. సరస్సుల కోసం పనిచేసే సంఘానికి ఈ దేశంలో వేరే దారేముంది? ఊరేగింపు చేస్తే జైలు, పత్రికకెక్కితే ఆఫీసుకి తాళం. అందుకే ప్రభుత్వం వాళ్ల భాషలోనే ఉత్తర్వు రాసి, పేరూ ఊరూ లేకుండా, టీ తాగి వచ్చేటప్పుడు మంత్రిగారి శాఖలో ఎవరి బల్ల మీదో మరిచిపోయి రావాలి. ఆ ఆలోచన తనదేనని మంత్రి నమ్మిన రోజున పని జరుగుతుంది. పన్నెండేళ్లలో పదహారు కాగితాలు మరిచిపోయింది పాపం. ఫలించింది ఇదొక్కటే.

కంప్యూటర్‌లో కాపీ చెరిపేయడం మాత్రం నిజంగానే మరిచిపోయింది.

"కొంపదీసి మీరే రాశారా ఏమిటి?" నవ్వాడు హాతిమ్ బే.

అవునంటే? విదేశీ డబ్బు తినే సంఘం మంత్రి చేత సంతకం పెట్టించిందని రేపు టీవీలన్నీ గొంతు చించుకుంటాయి. ఉత్తర్వు గాల్లో కలుస్తుంది. ఆ నీళ్లలో వలలు లాగి లాగి చేతులు పుళ్లు పడ్డ జాలరులు కళ్లముందు మెదిలారు. చచ్చి తేలిన బుల్తీ చేపల కంపు ఇప్పుడే కొట్టినట్టయింది.

"దొంగతనమైతే ఎంత శిక్ష, హాతిమ్ బే?"

"అయిదేళ్లు. మీ అమ్మాయికిప్పుడు ఆరు కదూ?"

పదకొండేళ్ల కూతురిని ఊహించుకోబోయింది. ఊహ రాలేదు. ఏడుపొచ్చింది.

"దొంగిలించాను."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. శాఖ ఆఫీసులో బల్ల మీదుంటే తీసుకున్నాను."

"అదే రాయండి."

రాసింది. సంతకం పెట్టింది. సరస్సు దక్కిందన్న ధైర్యం ఎక్కడో మిగిలింది.

హాతిమ్ బే కాగితం అందుకుని ఫోను తీశాడు. "అయిపోయింది సార్. ఫ్యాక్టరీ వాళ్లకి చెప్పెయ్యండి."

ఇంతిసార్ ఉలిక్కిపడింది. "ఫ్యాక్టరీ వాళ్లకెందుకు?"

"ముందే బయటికి పొక్కిన ఉత్తర్వు చెల్లదు, ఉస్తాజా. సాయంత్రానికల్లా రద్దయిపోతుంది," అన్నాడతను, ఆమెకి పుదీనా టీ తెమ్మని బంట్రోతుకి సైగ చేస్తూ. "పొద్దుట్నించీ నాకొకటే హడలు. మీరే రాశారని ఒక్క మాటంటే చాలు, మంత్రిగారు మీ రాతకి సంతకం పెట్టారని బయటపడకుండా, ఆయన పరువు కోసం, ఉత్తర్వుని ముట్టుకోకుండా మిమ్మల్ని ఇంటికి పంపెయ్యమన్నారు పైవాళ్లు."