ముందు డిగ్రీ, తర్వాతే మందులు

“ముందు డిగ్రీ పూర్తి చెయ్యి. ఆ తర్వాతే ఫార్మసీ కాలేజీ. వందసార్లు అడిగినా ఇదే మాట,” అంది లోరీన్, పళ్ళెంలో మాత్రలు అయిదేసి చొప్పున పక్కకు జరుపుతూ.

“సీటు చేతిలో పెట్టుకుని ఎవరైనా రెండేళ్ళు కూర్చుంటారా అమ్మా?” అంది ట్రెసా.

“ఊరికే ఎందుకు, చదువుకుంటూ కూర్చో. ముప్పై అయిదు. నలభై.”

కెంటకీ కొండల్లోని ఆ ఊరు మొత్తానికి మందుల షాపు అదొక్కటే. లోరీన్ అక్కడ కౌంటర్ వెనక నిలబడి మందులు లెక్కపెట్టి సీసాల్లో పోసి ఇస్తుంది. ఆమె కూతురు ట్రెసా యూనివర్సిటీలో బయాలజీ రెండో ఏడు ముగిస్తోంది. ఫార్మసీ కాలేజీవాళ్ళకు ఆ రెండేళ్ళ చదువు చాలు, సీటిచ్చేశారు. వస్తానో రానో ఈ రోజు సాయంత్రం అయిదింటిలోగా చెప్పాలి. ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. తల్లికి చెప్పకుండా నొక్కడానికి మనసొప్పక ట్రెసా డెబ్బై మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చింది. నొక్కేసి ఫోన్ చేసి ఉంటే పోయేదని ఇప్పుడు అనుకుంటోంది.

“నడిమధ్యలో ఫెయిలయ్యావనుకో,” అంది లోరీన్. “అయిదేళ్ళు చదివి ఏ పట్టా లేకుండా ఇంటికొస్తావు. డిగ్రీ అంటూ ఉంటే బడిలో పిల్లలకు పాఠాలు చెప్పయినా బతుకుతావు.”

“నేను ఫెయిలవను.”

“అందరూ అలాగే అంటారు.”

“అందరి సంగతి నాకెందుకు? నా మొహం చూసి చెప్పు, నేను ఫెయిలవుతానా?”

లోరీన్ ఆ మొహం చూడలేదు. మాత్రలు సీసాలో పోసి మూత బిగించి, చీటీ అంటించి, ఇంకో డబ్బా అందుకుంది. చూస్తే నిజం చెప్పాల్సి వస్తుంది మరి.

షాపు యజమాని, ఫార్మసిస్టు ఎస్టిల్ గారు వెనక కుర్చీలో కూర్చుని మొక్కజొన్న రొట్టె చిక్కుడుగింజల పులుసులో ముంచుకుని తింటున్నారు. “ట్రెసా, కాస్త తినమ్మా. కడుపు నిండాక కొట్టుకోవచ్చు,” అన్నారు.

“మీరే చెప్పండి ఎస్టిల్ గారూ. నాది తప్పా?”

“నన్ను మధ్యలోకి లాగకు. మీ ఇద్దరిలో ఎవరి వైపు మాట్లాడినా నా షాపులో నాకే చోటుండదు.”

ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించి ట్రెసాకు ఒళ్ళు మండిపోయింది. తల్లివైపు తిరిగింది.

“నాలుగేళ్ళలో నేను ఫార్మసిస్టునవుతాను. నీ మాట వింటే ఆరేళ్ళు. ఆ రెండేళ్ళూ ఇక్కడ ఎవరు నిలబడాలి? మోకాలికి పట్టీ కట్టుకుని నువ్వే కదా. నాకు ఉద్యోగం వచ్చిన రోజున నిన్నీ కౌంటర్ దగ్గర్నుంచి లాక్కెళ్ళి ఇంట్లో కూర్చోబెడతాను, చూస్తూ ఉండు.”

“నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి నువ్వెవరివే?” లోరీన్ గొంతు మొదటిసారి లేచింది. “నా మోకాలు, నా ఇష్టం. పాతికేళ్ళుగా మోస్తోంది, ఇంకో పాతికేళ్ళు మోస్తుంది.”

“ఈ మొండితనమే వద్దనేది.”

“నీకు ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నావు?”

గోడ గడియారంలో అయిదుకు పది నిమిషాలుంది. ట్రెసాకు ఏడుపొచ్చేలా ఉంది. ఏడిస్తే ఓడిపోయినట్టే కాబట్టి నోటికొచ్చింది అనేసింది.

“అసలు నువ్వు డిగ్రీ చదివావా? డిగ్రీ ఉంటే ఏమొస్తుందో, లేకపోతే ఏం పోతుందో నీకేం తెలుసని నాకు చెబుతున్నావు?”

లోరీన్ చెయ్యి ఆగింది. లెక్క తప్పింది. మాత్రలన్నీ మళ్ళీ ఒకచోటికి తోసి మొదటినుంచి మొదలుపెట్టింది. ఎస్టిల్ గారు చెంచా కింద పెట్టి, “మాట జాగ్రత్త పిల్లా,” అన్నారు మెల్లగా.

ట్రెసాకు సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, తల్లి చూస్తుండగానే నొక్కింది.

“అయిపోయింది. ఆ కాలేజీకే డిగ్రీ అక్కర్లేనప్పుడు నీకెందుకమ్మా? ఆగస్టులో క్లాసులు. తిట్టుకో, అలుగు, నేను మాత్రం వెళ్తున్నాను.”

“ఈ ఆగస్టేనా?” అంది లోరీన్.

“మరి? ఈ ఆగస్టే.”

లోరీన్ కుర్చీ లాక్కుని కూలబడింది. ఎస్టిల్ గారికి ఇక నవ్వు ఆగలేదు. “ఇంకా ఎందుకు దాస్తావు లోరీన్? మూడేళ్ళుగా సాయంత్రాలు చర్చిలో ప్రార్థన ఉందని చెప్పి, కొండ దిగి ఏ కాలేజీలో కెమిస్ట్రీ నేర్చుకుంటున్నావో నీ కూతురికి చెప్పెయ్యి,” అన్నారు.

“కెమిస్ట్రీ ఏమిటి?” అంది ట్రెసా.

లోరీన్ కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీసి కూతురి ముందు పడేసింది. అదే ఫార్మసీ కాలేజీ, అదే ఆగస్టు. పేరు మాత్రం లోరీన్ సైజ్‌మోర్.

“సోమవారమే ఒప్పుకున్నాను,” అంది లోరీన్ విసుగ్గా. “నువ్వు రెండేళ్ళాగి వచ్చి ఉంటే నాకు జూనియర్‌వి అయ్యేదానివి. ఇప్పుడు కూతురి పక్కన కూర్చుని మార్కులు పోల్చుకోవాలి, నా ఖర్మ.”

ట్రెసా ఉత్తరం రెండుసార్లు చదివింది.

“కానీ నీకు డిగ్రీ లేదు కదమ్మా.”

“అక్కర్లేదని ఇందాకట్నుంచి నా చెవులు చిల్లులు పడేలా చెబుతున్నది నువ్వే కదే.”