ఖర్జూరాల గదిలో మంచు

"ఐస్ ఫ్యాక్టరీవోడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడక్కా," అన్నాడు అబ్దుల్ రహీం, పికప్ వెనక తలుపు దించుతూ. "చేపల్లేకుండా ఇంత ఐసు ఏం జేసుకుంటావంట! పెండ్లికని చెప్పినా."

నెల్లూరు రహీం పక్క తోటలో డ్రైవరు. ఖోర్ ఫక్కాన్ చేపల రేవుకు వెళ్ళి బండి నిండా చితక్కొట్టిన ఐసు తెచ్చాడు. అప్పటికే కింద నీళ్ళు ధార కడుతున్నాయి.

"మాటలు తర్వాత తమ్ముడూ. ముందు లోపల పొయ్యండి," అంది కుసుమకుమారి. ఆ గొంతులో ఉన్నది తొందర కాదు, భయం.

కొండల నడుమ చిన్న తోట అది. నాలుగు వరసల ఖర్జూరం చెట్లు, మేకల దొడ్డి, రెండు గదుల ఇల్లు, పక్కనే ఖర్జూరాలు నిలవ చేసే చల్లటి గది. తోట కఫీల్‌ది, అంటే వీళ్ళకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. దాన్ని చూసుకునేది కుసుమ భర్త ప్రసన్నకుమార్. రేపటి నుంచి ఆ గదిలోకి సరుకు వచ్చేస్తుంది. ఖాళీగా దొరికేది ఈ ఒక్క పూటే. ఎవరికీ తాళం ఇవ్వని కఫీల్, విషయం చెప్పగానే మారు మాట్లాడకుండా చేతిలో పెట్టాడు.

ఇదంతా ఐదేళ్ళ నిస్సీ కోసం. ఫోన్‌లో బొమ్మల సినిమాలు చూసి, క్రిస్మస్ అంటే మంచు ఉండాల్సిందేనని తేల్చేసింది ఆ పిల్ల. మంచులో చిన్న ఇల్లు, ఇంట్లో అమ్మా నాన్నా, గుమ్మం దగ్గర మేక. ఇల్లుంది, మేకుంది, మరి మంచెప్పుడని రోజూ ప్రాణం తీసేది.

"ఇవాళే క్రిస్మస్," అని ఆ పొద్దున్న కుసుమ చెప్పేసింది. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. పాప మధ్యాహ్నం నిద్ర లేచేలోగా అన్నీ అమరాలి.

"రెండు సూపర్ మార్కెట్లు తిరిగాను. నక్షత్రం లేదు, ప్లమ్ కేకూ లేదు," అన్నాడు ప్రసన్నకుమార్, నేరం చేసినవాడిలా.

"దొరకవని తెలుసు. నక్షత్రం అట్టపెట్టెతో కత్తిరించాను. మీరు పొయ్యి దగ్గరికి రండి."

గులాబీ పువ్వులకు పిండి కలిపి ఉంది. నూనె కాగుతోంది. కుసుమ గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుంది.

"అచ్చు పూర్తిగా ముంచకండి. అంచు పైకి ఉండాలి. మునిగితే పువ్వు ఊడి రాదు."

ముంచేశాడు. ఊడి రాలేదు.

"నువ్వే వేసెయ్యొచ్చు కదా కుసుమా. నీ చెయ్యి వేరు."

"మీ చెయ్యే పడాలి. మళ్ళీ వెయ్యండి."

రహీం ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "అన్నా, ఇది పువ్వు గాదు, డ్రైనేజీ మూత."

ప్రసన్నకుమార్ నవ్వబోయి ఆగిపోయాడు. అచ్చు మళ్ళీ నూనెలో పెట్టాడు. ఈసారి పువ్వు విడిపడి నూనెలో గిరగిరా తిరిగింది.

"చూశారా," అంది కుసుమ. కళ్ళు తుడుచుకుంది. పొగ అనుకున్నాడు రహీం.

నిస్సీ లేచింది. కొత్త గౌను వేసుకుని, చేతిలో రిబ్బను పట్టుకుని తల్లి ముందు నిలబడింది.

"నాన్న దగ్గరికెళ్ళు. జడ నాన్న వేస్తాడు."

"నాన్నకు రాదమ్మా. లాగేస్తాడు!"

"వస్తుంది. మూడు పాయలూ సమానంగా తియ్యండి. బిగించకండి, దానికి తలనొప్పి వస్తుంది."

చల్లటి గది తలుపు కింద నుంచి నీళ్ళు వాకిట్లోకి పాకాయి.

"కుసుమా, ఐసు కరిగిపోతోంది. నువ్వయితే నిమిషంలో అల్లేస్తావు."

ఆమె ఆ నీళ్ళ వంక చూసింది. జడ వంక చూసింది.

"వంకర వచ్చింది. విప్పి మళ్ళీ వెయ్యండి."

రెండోసారి జడ కుదిరింది. తలుపు తీశారు.

నేలంతా తెల్లగా ఉంది. గోడకు అట్ట నక్షత్రం, దాని కింద మేకపిల్ల. అది ఐసు మీద కాలు నిలవక జారి, కూలబడి, లేచి మళ్ళీ జారింది. నిస్సీ కేకేసింది. రెండు చేతులా మంచు ఎత్తి నాన్న మీద పోసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, మంచు చేపల వాసనొస్తోంది!"

"సముద్రం మీదగా వొచ్చింది గదమ్మా," అన్నాడు రహీం ఠక్కున.

ప్రార్థన చేసుకున్నారు. పాట పాడారు. గులాబీ పువ్వులు తిన్నారు. కుసుమ తలకు కట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"నేను నవ్వేదాకా ఫోటో తియ్యకు తమ్ముడూ."

రహీం ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఆమె నవ్వింది.

"అమ్మా, మళ్ళీ క్రిస్మస్‌కి కూడా మంచు తెస్తావా?"

"నాన్న తెస్తాడు."

మంచు పలచబడింది. మేకపిల్లను దొడ్లో వదలడానికి ప్రసన్నకుమార్ దాన్ని చంకనెత్తుకుని తలుపు దగ్గరికి నడిచాడు.

తలుపు తెరవగానే జూలై నెల వడగాలి అతని ముఖాన కొట్టింది. కుసుమకు డాక్టరు చెప్పిన గడువు సెప్టెంబరు.