నడిమి కాగితం

పాత యుద్ధవిమానాల కామిక్సంటే ఆ తపాలా గుమాస్తాకు పిచ్చి. కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన సంచికవి చివరికి రెండు ప్రతులు దొరికాయి. కొత్తగా కనిపించేదానిలో నడిమి కాగితం లేదు, చిరుగులదానిలో ఉంది. ఆ రాత్రి తుప్పు పిన్నులు విప్పి, చిరుగుల ప్రతిలోని కాగితాన్ని తీసి మంచిదానిలో బిగించాడు. సేకరించేవాళ్లలో చాలామంది చేసే పనే.

మండుతున్న విమానంలోంచి పైలట్ పారాచూట్‌తో దూకేది ఆ కాగితంలోనే. చివరి పేజీలో అతను స్నేహితుల మధ్య నవ్వుతుంటాడు.

చిరుగుల ప్రతిని చెత్తబుట్టలో పడేయబోతూ, అలవాటు కొద్దీ చివరి పేజీ తిప్పాడు. స్నేహితులెవరూ నవ్వడం లేదు. మధ్యలో పైలట్ నిలబడి ఉన్నాడు. పెదవులు కాలిపోయి పళ్లు బయటపడ్డాయి. కళ్లజోడు కరిగి మాంసంలోకి దిగిపోయింది. వేళ్ల కొసల్లో ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఏమండీ, ఏదో మాడు వాసనొస్తోంది," అంది పక్కగదిలోంచి భార్య.

"ఏం లేదులే, పడుకో."

కాగితాన్ని తిరిగి దాని చోట పెట్టేద్దామని మంచి ప్రతి పిన్నులు పీకాడు. తొందరలో ఒకటి బొటనవేలిలోకి దిగి రక్తం చిమ్మింది. అయినా ఆగకుండా చిరుగుల ప్రతి తెరిచాడు. చివరి బొమ్మలో స్నేహితులు అలాగే ఉన్నారు. వాళ్ల మధ్య మనిషి నిలబడేంత చోటు ఖాళీగా ఉంది.

పక్కగదిలో మంచం కిర్రుమంది.

"అబ్బా, దుప్పటెందుకు లాగుతున్నారండీ? అయ్యో, మీ చెయ్యేంటి ఇలా కాలిపోతోంది!"