పాప ఏడుపు వినపడే వీధి

అప్పటికి నగరంలో కొత్త ఇళ్లన్నిటికీ చప్పుడును మింగేసే గోడలే. ఐదు నెలల పాపను ఎత్తుకుని నిరుపమ, భార్గవ్ అద్దె ఇల్లు వెతుకుతున్నారు. ఏ ఇల్లు తమకు తగునో చెప్పే ఫోను నూటికి తొంభై ఎనిమిది మార్కులిచ్చిన కాలనీకి ముందు వెళ్లారు. పార్కు, ఉయ్యాలలు, ఆసుపత్రి అన్నీ పక్కనే ఉన్నాయి. అక్కడ ఇల్లు చూస్తుండగా గదిలో పాప గుక్కపట్టి ఏడ్చింది. తలుపు బయట నిలబడ్డ భార్గవ్‌కు ఏమీ వినపడలేదు.

"మస్తుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు లోపలికొచ్చి.

"నువ్వు డ్యూటీకి పోయినంక నాకేమన్నయితే ఎవరికి వినపడ్తది?" అంది నిరుపమ.

మధ్యాహ్నం నలభై మార్కుల పాత వీధికి వెళ్లారు. అక్కడివి మామూలు ఇటుక గోడలు. మెట్లెక్కుతుండగానే పాప మళ్లీ ఏడుపు అందుకుంది. పక్క తలుపు తెరుచుకుని ఒక పెద్దామె బయటికొచ్చింది.

"ఏమైందే బంగారం? ఇటియ్యి బిడ్డా, నేనెత్తుకుంటా. మీరు కూసోండ్రి. నన్ను యాదమ్మ అంటరు," అంది. పై అంతస్తు నుంచి ఒకావిడ గిలక్కాయ పట్టుకుని దిగింది. పాప ఏడుపు ఆపి, యాదమ్మ ముక్కుపుడకను పట్టుకుని కిలకిలా నవ్వింది.

"ఇక్కడ శబ్దం ఎక్కువ. ఈ ఇల్లు మీకు తగదు," అంది ఫోను.

భార్గవ్ దాన్ని జేబులో పెట్టేసి, "తాళాలు ఎవరి దగ్గరుంటయమ్మా?" అని అడిగాడు.

యాదమ్మ పోసిచ్చిన టీ నిరుపమ తాగింది. పాప పుట్టాక ఆమె వేడిగా తాగిన మొదటి టీ అదే.