గోనెపట్టా కింద చేప

చేపల బజారులో డేగక్కకు దొంగ దొరికాడు.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. మొప్ప ఎత్తి ఒక్క చూపు చూసిందంటే ఎప్పుడు పట్టిన చేపో, ఏ రేవుదో చెప్పేస్తుంది. చెప్పగలనని ఆమే అంటుంది. కాదనే ధైర్యం బజారులో ఎవరికీ లేదు.

ఐసు కోసం వెళ్లి తిరిగొచ్చేసరికి, ఆమె బల్ల కింద తడి గోనెపట్టా ఎత్తి చెయ్యి పెట్టి ఉన్నాడు బురదాయన.

ఆ పట్టా కింద ఉన్నది అమ్మకపు చేప కాదు. నెలలు నిండిన కూతురి కోసం దాచిన వాలుగ. నది మలుపులో, అడుగు బురదలో తిని కొవ్వెక్కిన చేప. వారం వారం అలాంటిదొకటి ముందే తీసి దాచేది డేగక్క. ఎవరెంత బతిమాలినా ఇచ్చేది కాదు.

బురదాయన కూడా నాలుగు నెలలుగా వారం వారం వస్తున్నాడు. ముసలి మనిషి, భుజాన సంచి. రేవులో దిగి నీళ్లు పట్టుకుంటాడు, బురద తోడి డబ్బాల్లో నింపుకుంటాడు. తింటాడో, ఒంటికి పూసుకుంటాడో అని జనం నవ్వుకునేవాళ్లు.

మొదటి రోజే డేగక్క దగ్గర నసిగాడు. మలుపులో లోహాలకు పూతవేసే కార్ఖానా కాలువ కలుస్తోందని, అక్కడి చేప కడుపులో బిడ్డకు మంచిది కాదని. ఎవరు చెప్పారంటే, పరీక్ష కాగితం ఇంకా రాలేదన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. చేప మొప్ప ఎత్తి అతని ముక్కు కింద పెట్టింది.

"ఎర్రగా లేదూ? కన్ను మెరవట్లేదూ? చేప గురించి నాకే పాఠాలు చెప్తావా పెద్దాయనా?"

ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇదిగో, ఈవేళ ఇలా దొరికాడు.

డేగక్క సంచి లాక్కుని బోర్లించింది. రెండు బురద డబ్బాలు, ఒక నీళ్ల సీసా. వాటితోపాటు ఇంకో వాలుగ. పట్టా కిందిదానికి కవలపిల్లలా ఉంది.

"చూశారా? ఒకటి ముందే వేసుకున్నాడు. రెండోదానికి చెయ్యి పెట్టాడు."

బజారంతా పోగైంది. ఆ ఒకటి ఎవరి బల్ల మీద తగ్గిందో అడిగినవాళ్లు లేరు. తలో మాటా అన్నారు. ఎక్కడ పనిచేస్తాడో తెలిసినవాడొకడు అక్కడికీ కబురు పెడతానన్నాడు.

ఆయన తల దించుకుని డబ్బాలు ఏరుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాటే అన్నాడు.

"ఇవాళ ఆ చేప అమ్మాయికి పెట్టకమ్మా."

దానికి ఆమె ఇంకో విడత తిట్టింది.

ఆ సాయంత్రమే కూతురికి నొప్పులొచ్చాయి. ఆ హడావుడిలో చేప పాడైపోయింది. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. బురదాయన మళ్లీ కనిపించలేదు, పీడా పోయిందనుకుంది డేగక్క.

నెల తిరక్కుండా ల్యాబు నుంచి ఒకావిడ కాగితాలతో వచ్చింది. మలుపు నీళ్లలో కొంచెం, చేపల్లో చాలా, అడుగు బురదలో లెక్కకు మించి సీసం, కాడ్మియం ఉన్నాయట. కంటికి కనబడవు, వాసన రావు, ఉడకబెట్టినా పోవు. అక్కడ వల వేయొద్దంది.

డేగక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగు నెలలు, వారం తప్పకుండా, కొసరి కొసరి తినిపించింది. తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా మెతుకు ముట్టలేదు, పసిదాని మొహం చూడలేకపోయింది.

ఇద్దరికీ ఏమీ లేదు.

ఆసుపత్రికి వచ్చిన ల్యాబు ఆవిడ ఆ ఫలితం కాగితం రెండుసార్లు చదివి, మీ అమ్మాయి మలుపు చేప తిని ఉండదంది.

"నా చేత్తో పెట్టానమ్మా. గోనెపట్టా కింద దాచి మరీ పెట్టాను."

ఆవిడ కాగితం మడిచి పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. వాళ్ల ల్యాబులో గాజుసామాను కడిగే పెద్దాయన ఒకాయన ఉండేవాడట. ఈ పరీక్షలు ఆయన పోరు పడలేకే మొదలుపెట్టారట. బజారు రోజున పొద్దున్నే మలుపుకు ఎగువ రేవులో మంచి వాలుగ ఒకటి తన డబ్బులతో కొనుక్కుని బయల్దేరేవాడట. పరీక్షకు మాత్రం మలుపు వాలుగ పట్టుకొచ్చేవాడట.

"ఎగువది ఏం చేశావు తాతా అంటే నవ్వేవాడు. తినాల్సినవాళ్లు తింటున్నారులే అనేవాడు."

"ఇప్పుడు ఎక్కడున్నాడమ్మా?"

"మీ బజారు నుంచే ఏదో దొంగతనం కబురొచ్చింది. పనిలోంచి తీసేశారు. ఇల్లు ఖాళీ చేసి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు."

డేగక్క వంగి పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

ఆ రోజు ఆయన సంచిలో దొరికిన చేప ఎత్తుకెళ్తున్నది కాదు, ఆమె కూతురి కోసం మార్చి పెట్టడానికి తెచ్చింది.